ఆటకే కొన్న వస్తువు

మా మనవరాలు హర్షిత టీవీకి తగిలించే ఆటల మిషను కావాలని అడిగింది వాళ్ళ నాయనను కాదు, నన్ను. ఆవును అమ్మిన డబ్బు నా దగ్గర ఉందని దానికి తెలుసు. నేను తేలిగ్గా చేయి విప్పే మనిషిని కానని అంతకంటే బాగా తెలుసు. చీపురు అరిగి పిడికెడు మిగిలితే దాన్ని తొట్టి కడగడానికి దాచుకునేదాన్ని నేను. అటువంటి నా ఎదురుగా కూర్చొని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "అవ్వా, నాకు ఆడుకునేదానికి ఒకటి కావల్ల" అంది. చదువుకునేదానికి అనలేదు. ఆ మాట అని ఉంటే ఇంకా సులువుగా ఒప్పుకునేదాన్నేమో. అది డిగ్రీ చదువుతోంది, ఏ పరీక్షా తప్పలేదు, అట్లా అడిగే తెలివి లేక కాదు. "ఏమ్మే, ఇంత వయసొచ్చి ఆటలేంది?" అన్నాను. "వయసొచ్చినోళ్ళే ఆడుకునేది అవ్వా. చిన్నపిల్లోల్లకు దుడ్లు యాడుంటాయి?" అని నవ్వింది.

మా కొడుకు రామాంజి బెంగళూరులో ఒక కంపెనీలో పని చేస్తాడు. ఆదివారం ఆదివారం హిందూపురం వచ్చి పోతాడు. ఈ సంగతి తెలియగానే ఫోనులో తీర్పు చెప్పేశాడు. "కంప్యూటర్ కొనియ్యి మా. చదువుకు వస్తాది, ఆడుకోవల్లంటే ఆడుకుంటాది. ఒక్క ఖర్చుకు రెండు పన్లు. ఆ టీవీకి తగిలించే డబ్బాలో ఆట తప్ప ఏముండాది?" ఎవరు విన్నా సబబే అనిపించే మాట. నాకూ అట్లాగే అనిపించింది.

కానీ నన్ను కలత పెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. దీపం పెట్టే వేళకు రామాంజి రోజూ ఫోను చేస్తాడు. "ఏం చేస్తాండావు పాపా?" అని ఒకటే అడుగుతాడు. ఆ పిల్ల అప్పుడు ఫోనులోనే ఏదో చిన్న ఆట ఆడుకుంటూ ఉంటుంది. గొంతు సవరించుకొని "చదువుకుంటాండా నాయనా" అంటుంది. అగ్గిపెట్టె చేతిలో పట్టుకొని దేవుడి గూటి ముందర నిలబడి నేను ఆ మాట రోజూ వింటున్నాను. చిన్నప్పుడు ఇంట్లో బెల్లంముక్క తీసుకున్నా వచ్చి చెప్పే పిల్ల అది. అటువంటిదానికి అబద్ధం అన్నంలో ఉప్పు మాదిరి రోజువారీ అలవాటైపోయింది. మందలిస్తే మానదు, ఇంకా నేర్పుగా చెబుతుంది. అందుకని ఏ మిషను చవక, ఏది ప్రియం అన్నది ఒక లెక్కయితే, ఏది తెస్తే ఈ ఇంట్లో ఆ అబద్ధం ఆగుతుంది, ఏది తెస్తే పెరుగుతుంది అన్నది నా లెక్క. డబ్బు నాది కాబట్టి తేల్చవలసినదాన్నీ నేనే.

పాలు పిండి చూడకుండా నేను ఏనాడూ ఆవును కొనలేదు. "రెండూ నడిచేది కండ్లారా చూసినంకనే కొనేది" అన్నాను. హర్షిత ఎగిరి గంతేసింది. దాని స్నేహితురాలు నస్రీన్‌ది పెనుకొండ. వాళ్ళ అన్న ఇమ్రాన్ దగ్గర ఆటల కంప్యూటర్ ఉందట. ధర్మవరంలో మా నారాయణ మామ మనవడు గిరి టీవీకి తగిలించేది కొన్నాడట. ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్ళు కాబట్టి ఒక్క పయనంలోనే రెండూ చూడొచ్చని పొద్దున్నే బయలుదేరాము. దారిలో కొనుక్కోనవసరం లేకుండా రొట్టెలు, నంజుకోవడానికి ఊరుబిండి కట్టుకున్నాను.

పెనుకొండలో ఇమ్రాన్ నన్ను గౌరవంగా కూర్చోబెట్టి, ఆ కంప్యూటర్ పక్క తలుపు విప్పి లోపలి భాగాలు చూపించాడు. నాకు నిజంగా ముచ్చటేసింది. నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని, ఆ భాగాల పేర్లు నాకు నోరు తిరగవు. కానీ ఒకటి అర్థమైంది. అది మగ్గం మాదిరి వస్తువు. ఒక కట్టె అరిగితే ఆ కట్టె మార్చుకుంటావు, మగ్గమంతా పారేయవు. "ఇది పాతదవ్వా, ఇది పోయిన ఏడు వేసినా, ఈ గ్రాఫిక్స్ కార్డు మటుకు దుడ్లు కూడబెట్టి కొన్నా, దీని ధరే అన్నిటికంటే ఎక్కువ" అని ఒక్కొక్కటీ తాకి చెప్పాడు. ఆటలు మాత్రం చవకట. పండగలకు బట్టల అంగట్లో తగ్గించినట్టు వాటికీ తగ్గింపులు వస్తాయట, కొన్ని ఊరికే ఇస్తారట. పది మందితో కలిసి ఆడటానికి వేరే రుసుము కట్టనక్కరలేదట. చెడిపోతే తానే విప్పి బాగు చేసుకుంటాడట. కరెంటు పోతే ఆగిపోకుండా కింద ఒక బ్యాటరీ డబ్బా. ఆ పిల్లవాడి ఓర్పు చూస్తే దండం పెట్టాలనిపించింది. కొనేటప్పుడు టీవీ డబ్బాకు రెట్టింపు ఖర్చు, ఆ తర్వాత ఏండ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆదా. రామాంజి మాటే నిజమని మనసులో ముడి వేసుకోబోయాను.

అంతలో వాళ్ళ అమ్మ టీ పట్టుకొని వస్తున్న గాజుల చప్పుడు వినపడింది. ఇమ్రాన్ ఎడమచేయి రెండు మీటలు నొక్కింది. తెర మీద నడుస్తున్న ఆటలోని గుర్రాలు, కోటలు మాయమై పాఠం పేజీ వచ్చింది. అంత వడుపుగా నొక్కాడు, అతనికే తెలియదేమో. ఆ తల్లి నా చేతికి టీ ఇచ్చి, "చదువుకనే కొనిచ్చినాం పెద్దమ్మా, పని నుంచి వస్తానే దాని ముందరే కూసోని చదువుతాంటాడు" అని మురిసిపోయింది. ఉద్యోగం చేసి ఇంటికి డబ్బిచ్చే కొడుకు. అయినా ఆ గాజుల చప్పుడుకు చేయి దానంతట అదే కదులుతుంది. నేను టీ తాగి గ్లాసు కింద పెట్టాను. హర్షిత మటుకు నా మొహం చూసి తల దించుకుంది.

ధర్మవరంలో గిరి ఉండేది నేను పుట్టి పెరిగిన ఇల్లే. నాయన చిన్నప్పుడే పోతే మా అమ్మ నన్ను తీసుకొని పుట్టింటికి వచ్చేసింది. నేను పెద్దదాన్నయ్యింది, కాళ్ళు దించుకొని నేసే ఆ మగ్గం గుంట పక్కన. ఇప్పుడు మిద్దె కట్టారు, మొజాయిక్ రాళ్ళు వేశారు, కానీ మగ్గం గదిలో అడుగు పెడితే ఆ వాసన అదే. ముడిపట్టు వాసన ఒక రకం, పట్టును సబ్బు నీళ్ళలో ఉడకబెట్టిన వాసన ఇంకో రకం. ఈ రెండింటి కింద గుంటలోంచి వచ్చే చల్లని మట్టి వాసన. ఆ గది మూలలో కండెల పెట్టె కనపడింది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే దారపు కండెలు దాచే పెట్టె. దాని మందపాటి మూత మీద రెండు వరుసల్లో గుంటలు. గిరి భార్య ఆ గుంటల్లో గుండీలు, పిన్నులు వేసుకుంది. నేను మూత మీద చేయి పెట్టి అట్లాగే నిలబడిపోయాను.

ఆ పెట్టె కథ చెప్పాలంటే మా తిమ్మక్కవ్వ గురించి చెప్పాలి. మా అమ్మకు అమ్మ. ఆ ఇంటికి యజమానురాలు. పొద్దున లేచి పొయ్యి అంటించడానికి అగ్గిపుల్ల గీసేది కాదు, రాత్రి నిప్పును బూడిదలో కప్పి పెట్టి పొద్దున ఊదుకునేది. తెగిన పట్టుపోగు నేల మీద కనపడితే వంగి తీసి చెవి మీద పెట్టుకునేది. సాయంత్రానికి ఆమె చెవి వెనక రంగురంగుల పోగులు. గంజిలో ఉప్పు ఎక్కువైతే మరునాడు ఉప్పు కొలత తానే పెట్టేది. ఆమె మెచ్చుకోలు ఏనాడూ నోటితో రాలేదు. మనం వడ్డించిన సంగటి రెండోసారి అడిగితే అదే మెచ్చుకోలు. నాలో గట్టితనం ఏదన్నా ఉంటే అది ఆమెదే.

మాకు అమావాస్య నాడు మగ్గం ఆగుతుంది. ఆ రోజు నాడె ముట్టరు. మగ్గం తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, తలంటి పోసుకొని, ఉన్నదేదో వండుకు తిని, మధ్యాహ్నం నుంచి ఆటలు. మగవాళ్ళకు పులిమేక, మాకు వామనగుంటలు. మట్టి నేలలో గుంటలు తవ్వి చింతగింజలతో ఆడేవాళ్ళం. పేడతో అలికిన ప్రతిసారీ ఆ గుంటలు పూడిపోయేవి. మళ్ళీ తవ్వితే అవ్వ తిట్టేది. ఇది చూసి మా నారాయణ మామకు ఒక ఆలోచన వచ్చింది. అప్పుడే కండెలకు కొత్త పెట్టె చేయించాలని వడ్రంగి ఓబులేసును పిలిపించారు. "అమ్మా, మూతకు మందం చెక్క వేయించి పైన గుంటలు తోడిస్తే సరిపాయ. లోపల కండెలు, పైన ఆట. ఒకే కూలీ" అన్నాడు. ఒకే కూలీ అన్న మాట తిమ్మక్కవ్వ చెవికి తేనె. వెంటనే ఒప్పుకుంది. పెట్టె వచ్చిన రోజు ఊరిలో ఇటువంటిది ఎవరికీ లేదని వీధి వీధంతా వచ్చి చూసిపోయారు.

ఆ పెట్టె మీద మేము ఒక్క ఆట కూడా పూర్తి చేయలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చుంటే, నాలుగు గుంటలు పంచామో లేదో మామ వచ్చి, "లేయండి, ఎర్ర కండె కావల్ల" అనేవాడు. మూత లేపితే గింజలన్నీ జారిపోయేవి. ఎవరివి ఎన్నో తెలియక జుట్లు పట్టుకునేవాళ్ళం. పోనీ అమావాస్య నాడన్నా ఆడుకోవచ్చు కదా అనుకున్నాము. ఒక అమావాస్యకు మామ పక్కన కూర్చొని మా ఆట చూస్తూ చూస్తూ, "మగ్గం ముట్టగూడదు గానీ కండెలు చుడితే ఏమైతాది? పెట్టె దగ్గర ఎట్లాగూ కూసోని ఉండారు, ఆ చేత్తోనే నాలుగు చుట్టండి" అన్నాడు. మేము పిల్లలం, పెద్దవాళ్ళ మాట. ఆట ఆపి రాట్నం తిప్పడం మొదలుపెట్టాము.

తిమ్మక్కవ్వ పెరట్లో తల ఆరబెట్టుకుంటూ రాట్నం చప్పుడు విన్నది. తడి జుట్టుతోనే లోపలికి వచ్చింది. మేము భయంతో లేచి నిలబడ్డాము. ఆమె మామ వైపు తిరిగింది.

"నారాయణా, ఈపొద్దు ఏం దినం రా?"

"అమావాస్యమ్మా. మగ్గం ముట్టలేదు గదా, ఉత్త కండెలే..."

"ఆ పిల్లోల్లు మూత మీద ఆడుకుంటాంటే నీ కండ్లకు లోపలి కండెలే కనపడతాండాయి. తప్పు నీదీ కాదప్పా, పెట్టెది. దాన్ని చేయించిన నాది."

మరునాడే ఓబులేసుకు కబురు పంపింది. ఆటకు వేరే పీట చేయమంది. వేప చెక్కతో, గింజలు జారకుండా లోతైన గుంటలతో. కూలీ కింద పొలం నుంచి వచ్చిన శనక్కాయలు కొలిచింది. ఆ శనక్కాయలు ఆ నెల మా చట్నీకి రావలసినవి. మామ తలపట్టుకున్నాడు. "ఉత్త ఆటకు ఇంత మంచి చెక్కా?" అన్నాడు. "ఉత్త ఆట కాబట్టే" అంది. అయినా మామ ఓడిపోలేదు. "సరే పో, తిరగేస్తే కూసునే పీటకన్నా పనికొస్తాది" అన్నాడు. తిమ్మక్కవ్వ ఒక్క క్షణం అతన్ని చూసి ఓబులేసు వైపు తిరిగింది. "ఓబులేసూ, అడుగున గూడా గుంటలు తోడు నాయనా. దాని మీద ఎవురూ కూసోగూడదు, కుండ పెట్టగూడదు." ఓబులేసు నవ్వు ఆపుకోలేక ఉలి కింద పెట్టేశాడు. నేను చూసినంతలో అంత పొదుపరి ఇంకొకరు లేరు. ఆ పొదుపరే రెండువైపులా గుంటలు తోడించి, ఒక చెక్కను ఇంకే పనికీ రాకుండా చేసింది. దాని మీద ఎన్ని అమావాస్యలు ఆడుకున్నామో. ఓడిపోయి ఏడ్చాము, గెలిచి ఎగిరాము. లేవమని ఎవరూ అనలేదు. ఆటలో కూర్చున్నందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. నా బాల్యంలో నేను దర్జాగా కూర్చున్న చోటు అదొక్కటే.

గిరి పిలిస్తే హాల్లోకి వచ్చాను. టీవీ కింద తెల్లని డబ్బా, చేతిలో పట్టుకునే మీటల సాధనాలు రెండు. గిరి, వాళ్ళ ఆవిడ పక్కపక్కనే కూర్చొని కార్ల పందెం ఆడి చూపించారు. ఆ అమ్మాయి మొగుణ్ణి ఓడించి, "పట్టు నేసే చెయ్యి గాదు పెద్దమ్మా ఈయప్పది, పందిరి కట్టే చెయ్యి" అని ఎగతాళి చేసింది. గిరి ఏదీ దాచకుండా చెప్పాడు. "కొనేటప్పుడు కంప్యూటర్‌లో సగం ధర పెద్దమ్మా. కొన్నంక ఆటలే చంపుతాయి. కొత్త ఆట ధర వింటే గుండె దడ. పది మందితో ఆడల్లంటే ఏడాదికింత కట్టల్ల. చెడిపోతే ఈడ చేసేటోల్లు తక్కువ, బెంగుళూరికి పోవల్ల. లోపల ఒక ముక్క మార్చుకునేకి గాదు, పాతదైతే మొత్తం మార్చల్సిందే. అయితే డిస్కు కొంటే ఆడినంక అమ్ముకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు. నొక్కితే మొదలవుతాది, ఇంకే గొడవా ల్యా." ఇంతలో గిరి తల్లి వచ్చి వాళ్ళ ఎదురుగా కూర్చొని బియ్యం ఏరుకోసాగింది. ఎవరి చేయీ ఏ మీటకూ తడబడలేదు. ఆట అట్లాగే నడిచింది.

ఆదివారం రామాంజి వచ్చాడు. భోజనమయ్యాక ఆకు వక్క ముందర పెట్టి, టీవీకి తగిలించేదే కొంటానని చెప్పాను.

"ఏం మా, నువ్వే ఇట్లంటే ఎట్ల? రూపాయికి నాలుగు తూర్లు ఆలోచించేదానివి. నాలుగేండ్లు లెక్క వేసి చూడు, ఆ ఆటల ధరలకు కంప్యూటరే మేలు."

"లెక్కలో నువ్వే గెలిచినావప్పా. నేను గూడా వేసి చూసినా. కంప్యూటరే మేలు. ఆ పెనుకొండ పిల్లోడు దాన్ని చూసుకునేది చూస్తే కొనల్లనే అనిపిస్తాది."

"మళ్ల?"

"నీ కూతురు నీకు పొద్దుగూకితే అబద్ధం చెప్తాండాది. దానికి ఎంత ధర కట్టినావు ఆ లెక్కలో?"

మా కోడలు సుజాత గిన్నెలు కడగడం ఆపింది. రామాంజి నన్ను కాదు, కూతురిని చూశాడు. హర్షిత గోడకు ఆనుకొని నిలబడింది. కండ్లనిండా నీళ్ళు, కానీ మాట వణకలేదు. "కంప్యూటర్ కొనిస్తే చదువుకుంటాండా అనే చెప్పల్ల నాయనా, రోజూ. నువ్వు చదువుకని కొనిచ్చినావు గాబట్టి. కాలేజీలో ల్యాబు ఉండాది, నాకు కావల్సింది ఆడ చేసుకుంటాండా. చదువుకు కావల్సి వచ్చిన రోజు చదువుకనే అడుగుతా. ఇది ఆటకు అడుగుతాండా." అంత సూటిగా నేను ఆ వయసులో ఎవరి ముందరా మాట్లాడలేదు. మా ఇంట్లో ఆడపిల్ల ఆడుకుంటానని గొంతెత్తి అడగడం అదే మొదలు. నాకు కోపం రావలసింది పోయి వెన్ను నిటారైంది. రామాంజి ఆకు వక్క ముట్టకుండానే సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు.

డబ్బా తెచ్చాము. నా షరతులు నేను పెట్టాను. హాల్లోనే ఉండాలి, నా సీరియలు వేళకు ముట్టకూడదు, కొత్త ఆట ఏడాదికి ఒక్కటే. మూడో షరతుకు ఆ పిల్ల దారి వెతుక్కుంది. ధర్మవరం నుంచి హిందూపురం అంగళ్ళకు చీరలు తెచ్చే మనిషితో గిరి తన డిస్కు పంపుతాడు, ఇది తనది పంపుతుంది. పట్టుచీరల మడతల్లో పెట్టుకొని తెస్తాడు ఆయన, గీత పడకుండా. ఆ ఏర్పాటు చూస్తే నాకే ముచ్చట. ఇక ఆ పిల్ల ఆట గురించి చెప్పాలంటే, ఆ ఓర్పు నేను మగ్గం మీదే చూశాను. అడవిలో దారి వెతికే ఆట ఒకటుంది. అదే చోట పడిపోతుంది, అదే చోట మళ్ళీ లేస్తుంది, విసుక్కోదు. పక్కింటి పిల్ల వస్తే రెండో సాధనం ఇచ్చి నేర్పుతుంది. నా కాలంలో ఆటకు అమావాస్య రావాలి, పెద్దవాళ్ళ దయ కావాలి, తిమ్మక్కవ్వ వంటి మొండి మనిషి ఇంట్లో ఉండాలి. ఇప్పుడు కరెంటు ఉంటే చాలు. కానీ ఆటలో కూర్చున్న మనిషి మొహంలో వెలుగు మటుకు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. కంప్యూటర్ కొనుక్కున్నవాళ్ళు తప్పు చేశారని నేను అనను. ఎవరి ఇంటి గాలి వాళ్ళది. మా ఇంటికి ఏది కావాలో తేల్చాను, అంతే.

ఆ వారమంతా రామాంజి నాతోనే మాట్లాడి ఫోను పెట్టేశాడు. కూతురిని పిలవమనలేదు. నేనూ పిలవలేదు. ఆదివారం పని ఉందని రామాంజి రానేలేదు. ఆ తర్వాతి సోమవారం నేను వత్తులు చేసుకుంటుంటే హర్షిత ఫోనే మోగింది. ఆట ఆగలేదు, ఆ పిల్ల భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుంది. రామాంజి గొంతు నాకు కూడా వినపడుతోంది.

"ఏం చేస్తాండావు పాపా?"

హర్షిత నా వైపు చూసింది. నేను తల ఎత్తలేదు. ఆ జవాబు దానిదే.

"ఆడుకుంటాండా నాయనా."

అటుపక్క బెంగళూరు బస్సుల మోత. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"గెలుస్తాండావా?" అన్నాడు రామాంజి.